నాన్నకి సీఈఏ మెల్లగా పెరుగుతోంది, మాకేమో "అన్ని క్యాన్సర్లకీ ఒకటే రక్తపరీక్ష" అంటున్నారు. ఏది దేనికి పనికొస్తుంది?

తీరం
అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నాన్నకి 58 ఏళ్ళప్పుడు పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. మూడో దశ. ఆపరేషన్, ఆ తర్వాత కీమో అయ్యాయి. ఆపరేషన్‌కి ముందు సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) 18 ఉండేది. తర్వాత 2 దగ్గరకి దిగి చాలాకాలం అక్కడే ఉంది. ఇప్పుడు వరసగా రెండు రిపోర్టుల్లో 3.1, 4.4 వచ్చాయి. రిపోర్టు మీద "5 లోపు నార్మల్" అనే ఉంది. డాక్టర్ గారు మళ్ళీ చేయిద్దాం అన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. నాన్న మామూలుగానే తిరుగుతున్నారు, బరువు కూడా తగ్గలేదు. మాకే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రెండో విషయం మా గురించి. నాకు 41, చెల్లికి 38. మమ్మల్నిద్దరినీ పరీక్ష చేయించుకోమన్నారు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అంటే చెల్లికి భయం. "ఈ రోజుల్లో అదెందుకు, రక్తం ఇస్తే అన్ని క్యాన్సర్లూ తెలిసిపోతాయి" అని మా బంధువు ఒకాయన గట్టిగా చెబుతున్నారు. నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మైక్రోప్లేట్
తీరం గారూ, నేను ల్యాబ్‌లో ఇమ్యునోఅస్సే విభాగంలో, అంటే యాంటీబాడీలతో రక్తంలోని పదార్థాల్ని కొలిచే చోట, పనిచేస్తాను. ముందు ఒక్కటి చూడండి: ఆ మూడు రిపోర్టులూ ఒకే ల్యాబ్‌వేనా? రిపోర్టు అడుగున పద్ధతి పేరు, మెషీన్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి కూడా ఒకటేనా? ఒకే రక్తాన్ని రెండు వేర్వేరు కంపెనీల మెషీన్లలో పెడితే సీఈఏ అంకె ఒకేలా రాదు. కంపెనీకొక యాంటీబాడీ, కంపెనీకొక క్యాలిబ్రేషన్. అందుకే ఫాలో-అప్‌లో ఉన్నవాళ్ళు ల్యాబ్ మార్చకూడదని మేం నెత్తీనోరూ కొట్టుకుంటాం. మార్చక తప్పకపోతే, ఒకసారి పాత చోట, కొత్త చోట రెండింటిలోనూ ఒకే రోజు ఇచ్చి తేడా తెలుసుకోవాలి.

ఇంకో రెండు సంగతులు అడగాలి. నాన్నగారు పొగ తాగుతారా? తాగేవాళ్ళకి సీఈఏ మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటుంది. జుట్టుకీ గోళ్ళకీ అని బయోటిన్ మాత్రలేమైనా వేసుకుంటున్నారా? కొన్ని మెషీన్లలో బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే సీఈఏ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అంకె బాగుందని ఎవరూ అనుమానించరు. రక్తం ఇచ్చేటప్పుడు ఆ మాత్రల సంగతి తప్పకుండా చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో వాళ్ళే చెబుతారు.

తీరం
మైక్రోప్లేట్ గారూ, థాంక్స్ అండి. ఇప్పుడే తీసి చూశాను. మూడూ ఒకే ల్యాబ్, ఒకే మెషీన్. నాన్న పొగ తాగరు, మాత్రలు బీపీవి తప్ప ఏమీ లేవు. అంటే ఇది నిజంగా పెరుగుతున్నట్టేనా?

కత్తెరగాటు
నేను జీర్ణవ్యవస్థ క్యాన్సర్లకి ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయన విషయంలో తుదిమాట ఆయన డాక్టర్‌దే. కానీ సాధారణంగా ఎలా ఆలోచిస్తామో చెబుతాను.

సీఈఏని 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టారు. పెద్దపేగు క్యాన్సర్ కణజాలంలో దొరికింది, గర్భంలోని శిశువు పేగులోనూ దొరికింది. ఇక క్యాన్సర్‌ని రక్తంలోనే పట్టేయొచ్చని అప్పట్లో చాలా ఆశపడ్డారు. అది నెరవేరలేదు. తొలిదశ క్యాన్సర్ ఉన్న చాలామందిలో సీఈఏ పెరగదు. లివర్ జబ్బు, ప్యాంక్రియాస్ వాపు, పేగు వాపు ఉన్నవాళ్ళలో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. అందుకే ఏ లక్షణమూ లేని మనిషికి క్యాన్సర్ ఉందో లేదో చూడ్డానికి దీన్ని వాడొద్దని అన్ని మార్గదర్శకాలూ చెబుతాయి.

కానీ మీ నాన్నగారి పరిస్థితి వేరు. ఆపరేషన్‌కి ముందు 18, తర్వాత 2. అంటే ఆయన గడ్డ సీఈఏని తయారుచేసే రకం. అలాంటివాళ్ళలో ఇది మంచి కాపలాదారు. ఇక్కడ "5 లోపు నార్మల్" అన్న ముద్ర కంటే ఆయన సొంత అంకె ముఖ్యం. 2 దగ్గర నిలకడగా ఉన్న మనిషికి 3.1, తర్వాత 4.4 వచ్చిందంటే, గీత దాటలేదు కదా అని నేనైతే వదిలేయను. అలాగని ఒక్క పెరుగుదల చూసి క్యాన్సర్ తిరిగొచ్చిందనీ అనను. కొన్ని వారాల తేడాతో మళ్ళీ చేయించాలి. మళ్ళీ పెరిగితే ఛాతీ, పొట్ట, కటి భాగాలకి సీటీ స్కాన్ తీయాలి. మీ డాక్టర్ గారు మళ్ళీ చేయిద్దాం అనడం సరైన అడుగే. ఎన్ని వారాలకి, ఆ అంకె వస్తే ఏం చేస్తారు అని మాత్రం మీరు అడిగి రాసుకోండి.

ఇంత శ్రమ ఎందుకంటే, తిరిగొచ్చిన క్యాన్సర్ లివర్‌లోనో ఊపిరితిత్తిలోనో ఒకటి రెండు చోట్లకే పరిమితమై ఉండగా దొరికితే, మళ్ళీ ఆపరేషన్ చేసి పూర్తిగా నయం చేసే అవకాశం కొందరికి ఉంటుంది. బ్రిటన్‌లో 1,202 మందితో జరిగిన ఎఫ్ఏసీఎస్ ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. లక్షణాలు కనిపిస్తేనే పరీక్షలు చేసిన గుంపులో నయం చేసే ఉద్దేశంతో రెండో ఆపరేషన్ 2.3 శాతం మందికి దక్కితే, క్రమం తప్పకుండా సీఈఏ చేసిన గుంపులో 6.7 శాతానికి దక్కింది, సీటీ చేసిన గుంపులో 8 శాతానికి. ప్రాణాలు దక్కడంలో స్పష్టమైన తేడా మాత్రం ఆ ట్రయల్‌లో కనబడలేదు. అదీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

వెన్నెలబాట
డాక్టర్ గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నాకూ మూడో దశే. నా సీఈఏ మొదటి రోజు నుంచీ 2 దాటలేదు, గడ్డ లోపల ఉన్నప్పుడు కూడా. తర్వాత ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది, అప్పుడూ నార్మలే. దాన్ని పట్టింది సీటీ. కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళలో ఆపరేషన్‌కి ముందు సీఈఏ నార్మల్‌గా ఉన్నవాళ్ళు దాని మీద ధీమాగా ఉండి స్కాన్ వాయిదా వేయొద్దు. దయచేసి.

ఆ మచ్చ తీసేశారు. ఇప్పుడు బాగున్నాను. తీరం, నీకు ధైర్యం చెప్పాలనే ఇది రాస్తున్నానమ్మా.

కత్తెరగాటు
వెన్నెలబాట గారు చెప్పింది అక్షరాలా నిజం. 5 అనే హద్దు పెట్టుకుంటే, తిరిగొచ్చిన క్యాన్సర్లలో సుమారు 71 శాతాన్నే సీఈఏ పట్టుకుంటుందని, అంతకుముందు అధ్యయనాల్ని కలిపి చూసిన 2015 కోక్రేన్ సమీక్షలో తేలింది. మిగిలినవి జారిపోతాయి. అందుకే సీఈఏ, స్కాన్, కొలనోస్కోపీ మూడూ ఫాలో-అప్‌లో ఉంటాయి.

మరొకటి. కీమో నడుస్తుండగా, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు మొదలుపెట్టిన తొలి నాలుగు నుంచి ఆరు వారాల్లో, సీఈఏ కొంచెం ఎగిసి తర్వాత దిగొచ్చు. అది చూసి మందు పనిచేయడం లేదని నిర్ణయానికి రాకూడదు.

పరుగు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకున్నాను. అందులో సీఏ 19-9 అని ఒకటి ఉంది, నాకు 52 వచ్చింది. 37 లోపు ఉండాలట. ఎర్రక్షరాల్లో వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. నెట్‌లో చూస్తే అంతా ప్యాంక్రియాస్ క్యాన్సర్ గురించే ఉంది. నాకు నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి బాగానే ఉంది. షుగర్ మాత్రం ఉంది, కొంచెం కంట్రోల్ తప్పింది. ఏం చేయాలి?

మైక్రోప్లేట్
పరుగు గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఇలాంటి 40లూ 50లూ మేం తరచుగా చూస్తాం. పిత్తాశయంలో రాళ్ళు, పిత్తవాహికలో అడ్డు, ప్యాంక్రియాస్ వాపు, లివర్ జబ్బులు, అదుపు తప్పిన షుగర్, వీటన్నిటిలోనూ సీఏ 19-9 కొంత పెరగొచ్చు. పైగా జనాభాలో 5 నుంచి 10 శాతం మందిలో ఈ పదార్థాన్ని తయారుచేసే శక్తే ఉండదు. రక్తంలో లూయిస్ అనే యాంటిజెన్ లేనివాళ్ళు వీళ్ళు. ముదిరిన ప్యాంక్రియాస్ క్యాన్సర్ ఉన్నా వీళ్ళకి దాదాపు సున్నా వస్తుంది. ఇలా రెండు వైపులా తప్పే పరీక్షని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ప్యాకేజీలో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. మా దగ్గర శాంపిల్ ఇచ్చి వెళ్ళిన మనిషి ఆ ఎర్రక్షరాలు చూసి ఎన్ని రాత్రులు నరకం పడతారో ఆ ప్యాకేజీ తయారుచేసేవాళ్ళకి తెలియాలి.

కత్తెరగాటు
పరుగు గారూ, జీర్ణకోశ వైద్యుడిని కలవండి, భయంతో కాదు, పద్ధతి ప్రకారం. లివర్ ఫంక్షన్ టెస్టు, పొట్ట అల్ట్రాసౌండ్, షుగర్ కంట్రోల్, కొన్ని వారాల తర్వాత మళ్ళీ సీఏ 19-9. సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. షుగర్ ఈ మధ్యే కొత్తగా వచ్చిందా, బరువు కారణం లేకుండా తగ్గుతోందా అన్నది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, దాంతోపాటు బరువు తగ్గితే ప్యాంక్రియాస్‌ని స్కాన్‌లో చూడమంటాం.

ఈ పరీక్ష అసలు చోటు వేరే. ప్యాంక్రియాస్ క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలినవాళ్ళకి ఆపరేషన్‌కి ముందు, తర్వాత, కీమో నడుస్తున్నప్పుడు అంకె ఎటు పోతోందో చూడ్డానికి ఇది బాగా పనికొస్తుంది. కామెర్లు ఉన్నప్పుడు తీసిన అంకెని మాత్రం నమ్మలేం. స్టెంట్ వేసి అడ్డు తొలగించి, బిలిరుబిన్ దిగాక మళ్ళీ చూడాలి.

గొట్టం_వెనక
ఎండోస్కోపీ యూనిట్‌లో నర్సుని. తీరం గారి రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మా, మీరూ మీ చెల్లీ "సాధారణ రిస్కు" ఉన్న జాబితాలో లేరు. నాన్నగారికి 58లో వచ్చింది. అరవైలోపు క్యాన్సర్ వచ్చిన వాళ్ళ తోబుట్టువులకీ పిల్లలకీ 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి వచ్చిన వయసుకి పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టమంటారు. అంటే మీకు ఇప్పుడే సమయం దాటింది. చెల్లికి ఇంకో రెండేళ్ళుంది, లక్షణాలేమీ లేకపోతేనే సుమా. నాన్నగారి గడ్డ మీద ఎంఎంఆర్ లేదా ఎంఎస్ఐ పరీక్ష (డీఎన్ఏలో తప్పుల్ని సరిదిద్దే వ్యవస్థ పనిచేస్తోందా అని చూసేది) చేశారో లేదో పాత బయాప్సీ రిపోర్టులో చూడండి. అందులో లోపం కనబడి ఉంటే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమో చూడాలి. అదే తేలితే చెల్లి 40 దాకా ఆగకూడదు, లెక్కలన్నీ ముందుకు జరుగుతాయి.

రక్తపరీక్ష సంగతి. పెద్దపేగు క్యాన్సర్ కోసం 2016లో అమెరికా ఎఫ్‌డీఏ ఎపి ప్రోకోలాన్ అనే దాన్ని అనుమతించింది. సెప్టిన్9 అనే జీన్ మీద మిథైలేషన్ అనే రసాయన గుర్తుని రక్తంలో వెతుకుతుంది. ముందుగా జరిగిన పెద్ద అధ్యయనంలో అది క్యాన్సర్లలో సగాన్నే పట్టగలిగింది. 2024 జూలైలో షీల్డ్ అనే ఇంకో రక్తపరీక్షకి అనుమతి వచ్చింది, 45 దాటిన సాధారణ రిస్కు వాళ్ళ కోసం. ఎక్లిప్స్ అధ్యయనంలో అది క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 83 శాతం మందిని పట్టింది. బాగానే ఉంది. కానీ క్యాన్సర్‌గా మారబోయే పెద్ద పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే కండలు, ఉన్నవాళ్ళలో 13 శాతం మందినే పట్టింది. నేను రోజూ చూసేది ఆ పాలిప్‌లనే. స్క్రీన్ మీద పేగు గోడకి పుట్టగొడుగులా వేలాడుతూ ఉంటుంది. డాక్టర్ గారు వైరు ఉచ్చు దాని మెడకి బిగించి, కరెంటుతో కోసి తీసేస్తారు. నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ మనిషికి అక్కడ క్యాన్సర్ రాకుండానే ఆగిపోయింది. ఏ రక్తపరీక్షా ఆ పని చేయలేదు.

చెల్లికి భయం ఏంటో అడగండి. చాలామందికి గొట్టం కంటే ముందురోజు తాగే మందు అంటేనే భయం. ఇప్పుడు దాన్ని రెండు భాగాలుగా ఇస్తారు, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున్నే. మత్తు ఇచ్చాక చాలామందికి జరిగింది కూడా గుర్తుండదు.

దారిదీపం
గొట్టం_వెనక గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట అడ్డం పడుతున్నాను. నేను ప్రజారోగ్యంలో పనిచేస్తాను. కొలనోస్కోపీ గొప్పదే, చేయించుకునేవాళ్ళకి. పిలిచినా రానివాళ్ళు కోకొల్లలు. మలం పరీక్ష డబ్బా ఇంటికి పంపినా తెరవకుండా పక్కన పెట్టేవాళ్ళున్నారు. అలాంటి మనిషి ఎలాగూ షుగర్ కోసం రక్తం ఇస్తున్నప్పుడు ఇంకో ట్యూబు తీయడం తేలిక. వందలో 83 పట్టేది, అసలేమీ చేయించుకోకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం కాదా? పరీక్ష ఎంత గొప్పదైనా చేయించుకుంటేనే కదా పనిచేసేది.

గొట్టం_వెనక
దారిదీపం గారూ, ఏమీ చేయించుకోనని మొండికేసిన మనిషికి నేనూ రక్తపరీక్షే ఇస్తాను. నా భయం వేరు. ఇప్పుడు ఏడాదికోసారి మలం పరీక్ష, ఫిట్ అంటాం, చక్కగా చేయించుకుంటున్నవాళ్ళు "రక్తం చాలులే" అని ఇటు మళ్ళితే నష్టం. 2024లో వచ్చిన బ్లూ-సీ అధ్యయనంలో ఫిట్ క్యాన్సర్లలో 67 శాతాన్ని, పెద్ద పాలిప్‌లలో 23 శాతాన్ని పట్టింది. ఒక్కసారికి క్యాన్సర్ విషయంలో రక్తపరీక్ష మెరుగ్గానే కనబడుతుంది. కానీ ఫిట్ ఏటా చేస్తారు, షీల్డ్ మూడేళ్ళకోసారి. ఏటా చేస్తే ఈసారి తప్పిన పాలిప్ వచ్చేసారి దొరకొచ్చు.

ఇంకొకటి, రక్తపరీక్ష పాజిటివ్ వస్తే తర్వాతి అడుగు కొలనోస్కోపీయే. అప్పుడు కూడా చేయించుకోనంటే ఆ పరీక్ష చేసి లాభం లేదు. రక్తం తీసేముందే ఈ మాట ఒప్పించాలి.

దారిదీపం
అది ఒప్పుకుంటున్నాను. పాజిటివ్ వచ్చాక కొలనోస్కోపీకి ఎంతమంది వస్తున్నారు అన్నది లెక్క పెట్టకుండా ఏ ఊరూ, ఏ దేశమూ ఈ పరీక్షని మొదలుపెట్టకూడదు. ఎవరైనా వాడే పద్ధతిని వదిలేసి దీనికి మళ్ళాలని మాత్రం నేనూ అనను. అసలేమీ చేయించుకోనివాళ్ళ దగ్గరే నా పట్టుదల.

కణం_ప్రశ్న
తీరం గారి బంధువు చెప్పిన "అన్ని క్యాన్సర్లకీ ఒకటే" పరీక్ష గురించి చెబుతాను. నేను ఈ రంగంలో పరిశోధన చేస్తాను.

మన కణాలు చచ్చిపోతున్నప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలో కలుస్తాయి. 1948లోనే మాండెల్, మెతే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దీన్ని గమనించారు. క్యాన్సర్ కణాల ముక్కలూ అందులో ఉంటాయి, కానీ తొలిదశలో చాలా చాలా తక్కువ. ఒక ట్యూబు రక్తంలో వెతికే ముక్క ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. యంత్రం ఎంత గొప్పదైనా లేనిదాన్ని చూపించలేదు.

గ్యాలెరీ అనే పరీక్ష ఈ ముక్కల మీద మిథైలేషన్ గుర్తుల్ని చదివి, క్యాన్సర్ సంకేతం ఉందా, ఉంటే ఏ అవయవం నుంచి అని ఊహిస్తుంది. 2021లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగో దశ క్యాన్సర్లలో 90 శాతాన్ని పట్టింది, మొదటి దశలో 17 శాతాన్నే. పాత్‌ఫైండర్ అధ్యయనంలో 6,621 మందికి చేస్తే 92 మందికి సంకేతం వచ్చింది. వాళ్ళలో నిజంగా క్యాన్సర్ ఉన్నది 35 మందికి. మిగతా 57 మంది స్కాన్ల చుట్టూ తిరిగి ఏమీ లేదని తేల్చుకున్నారు. బ్రిటన్‌లో లక్షా నలభై వేల మందితో పెద్ద ట్రయల్ పెట్టింది కూడా ఇందుకే: క్యాన్సర్ దొరకడం ఒకటి, ముదరకముందే దొరకడం ఇంకొకటి. మీ నాన్నగారి చరిత్ర ఉన్నప్పుడు ఇందులో నెగటివ్ వచ్చిందని మీరు కొలనోస్కోపీ మానేస్తే, అది ఈ పరీక్ష వల్ల జరిగే అసలైన హాని.

ఆపరేషన్ తర్వాత అయితే ఇవే డీఎన్ఏ ముక్కలు చాలా విలువైనవి. వీటి అర్ధాయువు, అంటే రక్తంలో సగానికి తగ్గే సమయం, సుమారు రెండు గంటల లోపే, సీఈఏకి రోజులు పడుతుంది. గడ్డ తీసేసిన కొన్ని వారాలకి కూడా రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ కనబడుతోందంటే ఎక్కడో మిగిలుందనే అర్థం.

నాలుగో_వారం
కణం_ప్రశ్న గారూ, నాకు రెండో దశ పెద్దపేగు క్యాన్సర్, ఆపరేషన్ అయింది. కీమో కావాలా వద్దా అని డాక్టర్లే రెండు మనసులతో ఉన్నారు. సీటీడీఎన్ఏ, అంటే మీరు చెప్పిన క్యాన్సర్ డీఎన్ఏ ముక్కల పరీక్ష, చేయిస్తే తేలిపోతుందా?

కణం_ప్రశ్న
మీలాంటివాళ్ళ కోసమే ఆస్ట్రేలియాలో డైనమిక్ ట్రయల్ చేశారు, 2022లో ఫలితాలొచ్చాయి. 455 మంది రెండో దశ వాళ్ళు. ఒక గుంపుకి మామూలు పద్ధతిలో డాక్టర్లు నిర్ణయించారు. ఇంకో గుంపుకి నాలుగో వారం, ఏడో వారం రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ చూసి, ఉంటేనే కీమో ఇచ్చారు. మామూలు గుంపులో 28 శాతం మంది కీమో తీసుకుంటే, రక్తం చూసి నిర్ణయించిన గుంపులో 15 శాతమే తీసుకున్నారు. అయినా రెండేళ్ళ తర్వాత క్యాన్సర్ తిరిగి రాకుండా ఉన్నవాళ్ళు 92.4 శాతం, 93.5 శాతం. దాదాపు సమానం. అంటే చాలామందికి అనవసరపు కీమో తప్పింది.

కానీ మూడో దశలో కథ ఇంత చక్కగా లేదు. 2025లో వచ్చిన డైనమిక్-3 ఫలితాల్లో, పాజిటివ్ వచ్చినవాళ్ళకి కీమో బలం పెంచినా మెరుగుదల కనబడలేదు. ఉందని తెలియడం వేరు, తెలిశాక దాన్ని తగ్గించే మందు ఉండడం వేరు. నెగటివ్ కూడా పూర్తి భరోసా కాదు. పొట్ట లోపలి పొర మీద పాకిన క్యాన్సర్లు, చిన్న ఊపిరితిత్తి మచ్చలు రక్తంలోకి డీఎన్ఏ తక్కువగా వదులుతాయి. మీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఒకటి అడగండి: పాజిటివ్ వస్తే ఏం మారుస్తారు, నెగటివ్ వస్తే ఏం మారుస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే మీకు ఆ పరీక్షతో పని లేదు.

మైక్రోప్లేట్
చిన్న ఆచరణ విషయం. ఈ పరీక్షకి మామూలు ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీసి బల్లమీద వదిలేస్తే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ అంతా కలిసిపోతుంది. క్యాన్సర్ ముక్కలు ఆ గుంపులో మునిగిపోతాయి. దీనికి కణాలు పగలకుండా ఆపే ప్రత్యేక ట్యూబులుంటాయి, లేదా కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి. తీసేవాళ్ళకి ఇది తెలుసో లేదో అడగడానికి మొహమాటపడకండి.

ఉదయరేఖ
మీరంతా ఖరీదైన పరీక్షల గురించి మాట్లాడుతున్నారు, నేను అన్నిటికంటే చౌకైన దాని గురించి చెప్పాలి. మా అమ్మకి 63. హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు, కొంచెం పెరిగింది, ఆపగానే మళ్ళీ పడింది. మళ్ళీ మాత్రలు. నెలల తరబడి ఇదే. రక్తం ఎటు పోతోంది అని ఎవరూ అడగలేదు. చివరికి వేరే డాక్టర్ ఒకావిడ ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే రక్తపరీక్ష) చూసి, "నెలసరి ఆగి ఇన్నేళ్ళయిన మనిషికి ఐరన్ ఎందుకు ఖాళీ అవుతోంది?" అని వెంటనే పైనుంచీ కిందనుంచీ రెండు ఎండోస్కోపీలూ రాశారు. పెద్దపేగు కుడివైపు గడ్డ. అక్కడ మలం ఇంకా పలచగా ఉంటుందట, అందుకే గడ్డ పెద్దదయ్యేదాకా అడ్డుపడదు, రక్తం కూడా కంటికి కనబడకుండా కారుతూ ఉంటుంది.

మగవాళ్ళకి ఏ వయసులోనైనా, ఆడవాళ్ళకి నెలసరి ఆగాక, ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే మాత్రలతో సరిపెట్టకండి. కారణం అడగండి. గట్టిగా అడగండి. ఆ సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు చాలామంది ఇళ్ళల్లో ఫైలులో పడి ఉంటుంది.

కత్తెరగాటు
ఉదయరేఖ గారూ, ఈ థ్రెడ్‌లో ఎక్కువమందికి ఉపయోగపడే పోస్టు మీదే. జీర్ణాశయం క్యాన్సర్ కూడా చాలాసార్లు ఇలాగే మొదట రక్తహీనతగా బయటపడుతుంది. హిమోగ్లోబిన్ ఇంకా నార్మల్‌లోనే ఉండి ఎర్రకణాల పరిమాణం, అంటే ఎంసీవీ, ఏటికేడు తగ్గుతూ వస్తుంటే అది కూడా చూడాల్సిన విషయమే. అమ్మగారు ఎలా ఉన్నారు?

ఉదయరేఖ
ఆపరేషన్ అయింది, కోలుకుంటున్నారు. అడిగినందుకు థాంక్స్ డాక్టర్ గారూ.

నది_ఒడ్డు
లివర్ గురించి ఎవరూ అనలేదు. నాకు హెపటైటిస్ బి, సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోవడం). ఆరునెలలకోసారి లివర్ క్యాన్సర్ కోసం ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేస్తున్నారు. అది చాలదా?

కత్తెరగాటు
చాలదండి. ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పనిసరి, ఏఎఫ్‌పీ దానికి తోడు మాత్రమే. లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో చాలామందికి తొలిదశలో ఏఎఫ్‌పీ నార్మల్‌గానే ఉంటుంది. మరోవైపు హెపటైటిస్ ఉధృతంగా ఉన్నప్పుడు క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. వైరస్ మందు మాత్రం సొంతంగా ఆపకండి.

తీరం
అందరికీ నమస్కారం. కొన్ని వారాలయ్యింది, అప్‌డేట్ ఇవ్వమని చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయించాం. 6.2. వెంటనే సీటీ తీశారు. లివర్ కుడివైపు ఒక మచ్చ, 2 సెంటీమీటర్లు. ఎంఆర్ఐలోనూ అదొక్కటే కనబడింది. వేరే ఎక్కడా లేదు. సర్జన్లూ మెడికల్ ఆంకాలజీ వాళ్ళూ కలిసి కూర్చుని ఆపరేషన్ చేయొచ్చన్నారు. నాన్న విని, "ఒక్కటేనా? అయితే తీయించేద్దాం" అన్నారు. నేనే ఏడ్చేశాను.

నేను కొలనోస్కోపీ చేయించుకున్నాను. రెండు చిన్న పాలిప్‌లు దొరికితే అక్కడే తీసేశారు, బయాప్సీకి పంపారు. గొట్టం_వెనక గారూ, మీరన్నట్టు మందు తాగడమే కష్టం, మిగతాది నిజంగా గుర్తులేదు. నాన్న పాత రిపోర్టులో ఎంఎంఆర్ నార్మల్ అని ఉంది. చెల్లి నా పక్కనే కూర్చుని అంతా చూసింది, 40 నిండగానే తనూ చేయించుకుంటానని తనే అంది. బంధువుగారికి కణం_ప్రశ్న గారి పోస్టు మొత్తం చదివి వినిపించాను.

ఒక సందేహం. లివర్ ఆపరేషన్ అయ్యాక సీఈఏ ఎప్పుడు చూడాలి? వారానికే చూస్తే తెలుస్తుందా?

కత్తెరగాటు
అమ్మా, సంతోషం. ఒకటే మచ్చగా ఉండగా దొరకడం మంచి అవకాశం. వారానికే చూడకండి, పాత సీఈఏ రక్తంలోంచి పోవడానికి సమయం పడుతుంది, అనవసరంగా భయపడతారు. నాలుగు నుంచి ఆరు వారాలకి చూస్తే అసలు అంకె తెలుస్తుంది. అదే ల్యాబ్, అదే మెషీన్. అక్కడ వచ్చిన అంకెని కొత్త బేస్‌లైన్‌గా రాసిపెట్టుకోండి. మీ పాలిప్‌ల బయాప్సీ రిపోర్టు వచ్చాక మళ్ళీ ఎన్నేళ్ళకి కొలనోస్కోపీ అన్నది తేదీతో సహా రాయించుకోండి.

వెన్నెలబాట
ఆపరేషన్ రోజు ఇక్కడ ఒక్క ముక్క రాయమ్మా, చూస్తుంటాం.